మురుగు గ్యాసు మీద పాలపొంగు

బరంపురం శివార్లలో ఒక క్వార్టర్సు కాలనీకి మురుగునీటి ప్లాంటు ఉండేది. దానికి నేను ఇంజనీరుని. ఆ మాట పైకి అనేవాణ్ణి కాదు, "నీళ్ల శాఖ" అని తప్పించుకునేవాణ్ణి. పెళ్లిచూపుల్లోనూ అదే కోత కోశాను. మామగారిది ఆర్యపల్లిలో ఎండుచేపల వ్యాపారం. ఆయన ఇంకేమీ అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెళ్లయ్యాక దాచడం కుదరదు కదా, ప్లాంటు పక్కనే కాపురం. అందుకని గొప్పగా బయటపెడదామనుకున్నాను. కాలనీ మురుగంతా మూతవేసిన తొట్టిలో కుళ్లి గ్యాసు పుట్టేది. దాన్ని గొట్టంతో మా వంటింటికి తెచ్చుకున్నాను. ఊళ్లో జనం సిలిండరు కోసం ఏళ్ల తరబడి కాచుకునే రోజులవి. కొత్త కాపురంలో పాలు పొంగించేది ఆ మంట మీదేనని పట్టుబట్టాను. అత్తవారు చూసి నోరు వెళ్లబెట్టాలి. నా పరువంతా ఆ గిన్నెలో పోసి కూర్చున్నాను.

మిగిలింది వాసన. వాళ్లు రావడానికి ముందు లుంగీ ఎగ్గట్టి, బస్తాలకొద్దీ బ్లీచింగు పౌడరు కాలవల్లోనూ తొట్టిలోనూ స్వయంగా కుమ్మరించాను. ప్లాంటు ఆస్పత్రిలా ఘుమఘుమలాడింది. గ్యాసు పుట్టించేవి తొట్టిలోని సూక్ష్మజీవులనీ, బ్లీచింగు వాటిని చంపుతుందనీ పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు కొట్టేసినవాణ్ణి నేనే. కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేదీ నేనే.

అత్తమామలు బస్సు దిగి వచ్చారు. నా భార్య పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను ఉపన్యాసం అందుకున్నాను. పాలు గోరువెచ్చనయ్యేసరికి మంట రెపరెపలాడి ఆరిపోయింది.

"ఆరిపోనాదేటి అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు, కంగారుగా. పాలు పొంగకపోతే అపశకునం మరి.

"గాలికండీ," అన్నాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వాసన రాకూడదని నేనే మూయించాను.

నా భార్య కిరసనాయిలు స్టవ్వు వెలిగించి గిన్నె దాని మీదికి మార్చింది. పాలు పొంగాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. భోజనాలయ్యాక వాళ్లు ఆర్యపల్లి బస్సెక్కారు.

అప్పుడు నా భార్యకు బ్లీచింగు సంగతి చెప్పాను. మీవాళ్లు వాసనకి ఏమనుకుంటారో అని భయపడ్డానన్నాను.

"వాసనకా?" అంది. "నాను ఎండుసేపల మద్దిన పుట్టి పెరిగినాను. బడిలో నా పక్కన ఎవులూ కూకునేవోరు కాదు. మీరు మురుగు పని సేస్తారని మా అయ్యకి ముందే తెలుసు."

"తెలిసే ఇచ్చారా?"

"అందుకే ఇచ్చినాడు. ఆ పని సేసినోడు మన పిల్లని సూసి ముక్కు మూసుకోడు అన్నాడు."

ఆవిడ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. సిగ్గుతో నా తల పైకి లేవలేదు.