మబ్బుల్లో డాడీ

సినిమా దృశ్యంలో లేని వస్తువును ఉన్నట్టు కలపడం లాలాగూడ జ్ఞానశేఖర్ ఉద్యోగం. కంప్యూటర్లో చేసిన ఏనుగును షూటింగులో తీసిన ఖాళీ వీధిలో నిలబెట్టి, ఎండ ఎటు నుంచి పడుతోందో చూసి, నీడ పరిచేదాకా అతనికి టీ కూడా రుచించదు. బస్సులో నిలబడ్డా ఒక కన్ను మూసి రోడ్డు మీది నీడలే చూస్తుంటాడు. ఎక్కడైనా నీడ తప్పిన బొమ్మ కనబడిందా, ముక్కుపుటాలు అదురుతాయి.

చెల్లెలు మేబెల్ పెళ్లి సీడీ ఇంట్లో పెట్టిన రోజు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. చనిపోయిన తండ్రి ఫోటోను వీడియో మిక్సింగ్ షాపువాళ్లు గుండ్రంగా కత్తిరించి, చుట్టూ మబ్బులూ మెరుపు చుక్కలూ పెట్టి, చర్చి పైకప్పు కింద గాల్లో తేలించారు. "ఏందిది? కిటికీ ఇటుంటే వెలుగు అటు నుంచి పడ్తదా? డాడీ ఏమన్న పతంగా?" అని ఊగిపోయాడు. ఆదివారం ఆరాధన సైతం మానుకుని, పాత క్రిస్మస్ వీడియోలో కూర్చున్న తండ్రిని తీసుకొచ్చి, ఈ పెళ్లిలో ముందు బెంచీ మీద కూర్చోబెట్టాడు. మోకాళ్ల మీద కిటికీ వెలుగు, బెంచీ మీద నీడ. ఎక్కడా అతుకు లేదు.

తల్లి ప్రేమమణి దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది. "ఇది తీసెయ్ నాయనా," అంది చివరికి.

"ఏం తప్పున్నదో చెప్పు!"

"తప్పేం లేదు. మబ్బుల్ల ఉంటే ప్రభువు దగ్గరున్నడనుకున్న. గిట్ల కూసుంటే, ఒక్కసారన్న నా దిక్కు తిరుగుతడేమోనని చూస్తున్న."

పళ్లు కొరుకుతూ మబ్బులను తనే మళ్లీ పెట్టాడు. ఖాళీ అయిన బెంచీ మీది నీడ జోలికి మాత్రం పోలేదు.