వాళ్ల ఎస్టీడీ బూత్, మా నల్ల ఫోను

తిరుపతిలో అలిపిరి దారిన ఫోన్ల మ్యూజియం కొత్తగా తెరిచారని విని, మా తాత ఫోనును పంచె గుడ్డలో చుట్టుకొని చిత్తూరులో బస్సెక్కాను. మా ఊరికి మొట్టమొదట వచ్చిన ఫోను అది. పొలాలూ మిద్దె ఇల్లూ పోయినా దాన్ని మాత్రం అమ్మలేదు. అద్దాల పెట్టెలో, కింద మా ఇంటిపేరుతో, దాన్ని చూడాలని నా కోరిక.

లోపల ఒక చీకటి గది. నాలుగు గోడల మీదా వెలుతురు నీళ్లలా పారుతోంది. నడుమ ఒక ఎస్టీడీ బూత్. అందులోకి వెళ్లి మాట్లాడితే, ఆ గొంతును బట్టి గోడల మీద రంగులు మారుతున్నాయి. లోపలికి పోవడానికి బడిపిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు.

బూత్‌ను చూడగానే గుర్తుపట్టాను. ఆయుధపూజకు పెట్టిన బొట్లు తలుపు అద్దం మీద ఇంకా ఉన్నాయి. ఊళ్లో మా పక్కింటివాళ్లది. ఒకప్పుడు వాళ్లకు ఫోనొస్తే మేమే మనిషిని పంపి పిలిపించేవాళ్లం. చెప్పులు వాకిట్లో విడిచి, మా వసారాలో నిలబడి మాట్లాడి పోయేవాళ్లు. ఇప్పుడు బూత్ పక్కన మ్యూజియం పెట్టిన బోర్డు మీద వాళ్ల ఇంటిపేరుంది.

ఆ ఇంటాయన కూడా అక్కడే కనబడ్డాడు. "నా డబ్బా ఎట్ల మెరస్తా ఉండాదో సూడప్పా. పారేద్దామనుకున్న్యా. వీళ్లే లారీ ఏసుకోని వచ్చినారు."

మా ఇంటికి ఎవరూ లారీ పంపలేదు.

అక్కడి ఆఫీసరమ్మ నా ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుందండీ. కానీ ఇలాంటివి చాలా వచ్చాయి. పిల్లలు ముట్టుకొని చూసే బల్ల మీద పెట్టమంటారా?"

"పేరు రాస్తారా?"

"ఆ బల్ల మీదవాటికి రాయడం లేదండీ."

పక్కింటాయన నవ్వాడు. "ఇచ్చేయప్పా, పిల్లోళ్లు ఆడుకుంటారు. మీ తాత రిసీవరు ఇచ్చేవాడే గానీ, డయలుకు బీగమేసి పెట్న్యాడు. ఇప్పుడన్నా నేనూ ఒకసారి తిప్పి సూస్తా."

ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉండి ఉంటే బాగుండేది. లేదు.

"మా ఇంట్లోనే ఉంటుందిలెండి," అని గుడ్డ చుట్టేశాను.

బయటికి దారి మళ్లీ ఆ చీకటి గదిలోంచే. బూత్‌లో ఎవరో పాప కిలకిలా నవ్వింది. గోడల నిండా పసుప్పచ్చని వెలుగు విచ్చుకుంది. అంత అందం వాళ్ల డబ్బాకు దక్కడం చూస్తూ కాసేపు కదల్లేకపోయాను.

ఇప్పుడు చుట్టాలెవరైనా ఆ ఫోనును చూపించి అడిగితే, మ్యూజియంవాళ్లు పెట్టుకుంటామన్నారు, నేనే ఇవ్వలేదు అంటాను. అందులో అబద్ధమేమీ లేదు.