దుప్పట్ల స్టూడియోలో దొయిమతి అక్క పాట

ఈమధ్య నేను స్కూలు గేటులోకి రాగానే ఆడపిల్లలు చున్నీలు మూతికి అడ్డం పెట్టుకుని ఎందుకు నవ్వుతున్నారో చెప్తాను, వినండి. ముందే ఒప్పేసుకుంటున్నా, తప్పు నాదే. మా ఆవిడ సుజాత కూడా అదే అంది. అదీ ఊరికే అనలేదు, ముక్కు చీదుకుంటూ అంది. ఆ జలుబుకీ కారణం నేనే.

నేను అరకులో ఫిజికల్ సైన్స్ మాస్టర్ని. ఏటా పిల్లలకి ధ్వని పాఠం చెప్తాను. పదకొండేళ్ళుగా చెప్పిందే చెప్పీ చెప్పీ, ధ్వని గురించి నాకు తెలియంది ఇంకేమీ మిగల్లేదని నమ్మకం కుదిరిపోయింది. దానికి తోడు ఫోన్‌లో వీడియోలు. ఇంట్లోనే రికార్డింగ్ స్టూడియో కట్టుకోవడం ఎలా, పాత సామాన్లతో మైకు చేసుకోవడం ఎలా, ఇవే. ఒకసారి చూడ్డం మొదలుపెడితే అన్నం చల్లారిపోయినా తెలిసేది కాదు.

ముందు మైకు చేశాను. రూపాయి బిళ్ళంత మైకు ముక్క తెప్పించి, రెండు టీ వడకట్టే జాలీలు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో దాన్ని ఇరికించాను. చూడ్డానికి అచ్చం కంపెనీ మైకే. ఆ రోజు నుంచీ మా ఇంట్లో టీ తాగితే పొడి పళ్ళకి తగులుతోంది. తర్వాత స్టాండు. పెయింటు డబ్బాలో సిమెంటు పోసి వెదురుబొంగు నిలబెట్టాను. నోటి గాలి మైకుకి తగలకుండా ఒక తెర ఉండాలి కదా, దానికి సుజాత ఎంబ్రాయిడరీ రింగు తీసుకుని నా పాత సాక్సు బిగించాను. ఉతికిన సాక్సే లెండి. మైకు అదరకుండా చుట్టూ జడ రబ్బరు బ్యాండ్లు కట్టాను. ఇవన్నీ పని చేశాయండీ, అదే వచ్చిన చిక్కు. ఏదో ఒకటి పేలిపోయి ఉంటే నేను అక్కడితో ఆగేవాణ్ణి.

గోడల మీద శబ్దం తగిలి వెనక్కి రాకుండా కోడిగుడ్ల అట్టలు పెట్టాలని ఒక వీడియోలో చూసి, స్కూలు వంటషెడ్డుకి వెళ్ళాను. అక్కడ వండేది దొయిమతి అక్క. రెండొందల మంది పిల్లలకి అన్నం, పప్పు, గుడ్లు ఒంటి చేత్తో నడిపించే మనిషి. యాభై దాటాయి. అట్టలు ఎన్ని కావాలంటే అన్ని ఇచ్చింది, ఇస్తూ నా వైపు అదోలా చూసింది. ఇంట్లో కోళ్ళు పెంచుతున్నానేమో అనుకుందట.

దొయిమతి అక్క గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమె వంటమనిషి మాత్రమే అనుకుంటే పొరపాటు. వాళ్ళ ఊరి ధింసా ఆట వరసలో పాట ఎత్తుకునేది ఆమే. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా అడుగేస్తుంటే, ఆమె గొంతు కాఫీ తోటల అవతలి గట్టు దాకా వినపడుతుంది. మైకు లేకుండానే. నేను మొదటిసారి విన్నప్పుడు చేతిలో సైకిలు వదిలేశాను. అది వెళ్ళి డ్రైన్‌లో పడింది.

ఒక గురువారం బియ్యం కడుగుతూ కడుగుతూ ఆమె మామూలుగా చెప్పింది. గొంతులో కాయ ఉందట. సోమవారం రైలుకి విశాఖ వెళ్ళాలి, మర్నాడు ఆపరేషన్. ప్రాణానికి ఏమీ ఫర్వాలేదు గానీ, గొంతు మాత్రం ఇలాగే ఉంటుందని చెప్పలేమన్నాడట డాక్టరు. సామల కోతప్పుడు పాడే పాట ఒకటుంది, అది మొదలుపెట్టడం ఆమె ఒక్కదానికే వచ్చు, వాళ్ళమ్మ నేర్పింది. మిగతావాళ్ళకి అందుకోవడమే అలవాటు.

"నా గొంతు ఎలాగైపోనా ఫర్వానేదు మాస్టారూ. పాట ఎత్తుకోడం ఎలాగో ఈ గుంటలకి తెలియాల గదా. మీ ఫోన్లో పట్టి పెట్టండి."

గుంటలంటే ఇక్కడ ఆడపిల్లలు. అక్కడ నేను సరేనని ఫోన్ తీసి ఉంటే ఈ కథే లేదు. అంత గొంతుని ఫోన్‌లోనా అని నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. స్టూడియో క్వాలిటీలో చేస్తానన్నాను. ఆమె తల ఊపి బియ్యం ఎసట్లో పోసింది.

ఇంక మూడు రోజులే ఉంది. గుడ్ల అట్టలు పెద్దగా పనికిరావని, మందమైన బట్ట ఉంటేనే శబ్దం ఆగుతుందని అప్పటికి ఇంకో వీడియో చెప్పింది. పాడే మనిషి కోసం విడిగా ఒక గది, చిన్న బీరువాలాంటిది, కట్టాలి. సిల్వర్ ఓక్ చెక్క బద్దలతో నాలుగు చట్రాలు చేశాను. వాటికి కాఫీ గోనెసంచులు కుట్టి, వాటి మీద ఇంట్లో ఉన్న దుప్పట్లు, రగ్గులు అన్నీ పరిచి కట్టాను. అన్నీ అంటే అన్నీ. అరకులో, ఆ చలిలో, ఇంట్లో కప్పుకోడానికి ఒక్కటీ మిగల్చని మగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. సుజాత రెండు స్వెటర్లు, నా కోటు వేసుకుని పడుకుంది. వాళ్ళమ్మ ఇచ్చిన రగ్గు కూడా గోడైపోయిందని తెలిసి నాతో మాట్లాడ్డం మానేసింది.

అద్దె ఇల్లు కాబట్టి మేకులు కొట్టే వీల్లేదు. నాలుగు చట్రాల్నీ వసారాలో నిలబెట్టి కొబ్బరితాళ్ళతో ఒకదానికొకటి కట్టేశాను. లోపల నాలుగడుగుల చోటు. నేను లోపల నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు నోట్లో వేసుకుని మింగేసినట్టు మాయమైపోయింది. ఆనందంతో నాకు నిద్ర పట్టలేదు. సుజాతకి చలితో పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే దొయిమతి అక్క వచ్చింది. వెంట వరసలో మిగతా ఏడుగురూ వచ్చారు. అందరూ మంచి చీరలు కట్టుకుని, కొప్పుల్లో పూలు పెట్టుకుని వచ్చారు. వీళ్ళెందుకా అనుకున్నాను. అక్కని ఒక్కదాన్నే లోపలికి పంపి, హెడ్‌ఫోన్ పెట్టి, దుప్పటి తలుపు దించి, పాడమన్నాను. ఏడుగురూ బయట గోడకి ఆనుకుని కూర్చున్నారు. నేను లాప్‌టాప్ ముందు, గొంతు ఎంత గట్టిగా పడుతోందో చూపే లెవెల్స్ సరిచేసుకుని, వేలు పైకెత్తి నిలబడ్డాను, పెద్ద మ్యూజిక్ డైరెక్టర్ లెవెల్లో.

లోపల్నుంచి చప్పుడు లేదు. ఒక నిమిషమైంది. రెండు నిమిషాలైంది. మైకు పోయిందేమోనని తీగలు కదిపాను. చివరికి దుప్పటి పక్కకి తీసి అక్క తల బయటపెట్టింది. చెమటలు కారుతున్నాయి.

"ఎవులికి పాడాల మాస్టారూ?"

మైకుకి పాడమన్నాను.

"అది బదులు సెప్పదు గదా."

అప్పుడు తెలిసింది నాకు. ఆ పాట అంతా అడగడమూ, చెప్పడమూనే. ఎత్తుకునే మనిషి ఒక్కో ఇంటినీ పలకరిస్తుంది, మీ చేలో ఇంకేం మిగిలింది అని. వరసలో ఉన్నవాళ్ళు బదులు చెప్తారు. ఆ బదులు విన్నాకే తర్వాతి ప్రశ్న పుడుతుంది. వాళ్ళు ఎప్పుడెలా చెప్తే దాన్నిబట్టే ఆమె మళ్ళీ ఎత్తుకుంటుంది. ఇంక ఊపిరి సంగతి అడిగితే అది అడుగులో ఉందంది. కాలు ముందుకి పడితేనే గొంతు లేస్తుందట. అలాంటి మనిషిని కదలడానికి వీల్లేని డబ్బాలో నిలబెట్టి, టీ జాలీని పలకరించమన్నాను నేను. పదకొండేళ్ళ ధ్వని పాఠం నాకిది చెప్పలేదు.

అయినా బుద్ధి రాలేదు. బదులు చెప్పేవాళ్ళని ముందు విడిగా రికార్డు చేసి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తానన్నాను. అడక్కుండానే ఏం చెప్తామని వాళ్ళు పడీ పడీ నవ్వారు. పోనీ ఒక్కరు తోడు వెళ్ళండన్నాను. ఒకరు వెళ్ళారు. ఆమె నడుము వెనక ఇంకొకరి చెయ్యి ఉండాలట, రెండో ఆమె వెళ్ళింది. తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. నాలుగడుగుల చోట్లో ఎనిమిది మందీ చేతులు పెనవేసుకుని ఎలా ఇమిడారో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. చట్రాలు అటూ ఇటూ ఊగుతుంటే నేను లాప్‌టాప్ వదిలేసి బయట్నుంచి ఒక గోడ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు దొయిమతి అక్క ఎత్తుకుంది.

ఏం గొంతండీ అది! మూడు రగ్గులూ గోనెసంచులూ దాటుకుని వచ్చి నా గుండెల మీద తగిలింది. మొదటి ఇంటిని అడిగింది, వరస బదులు చెప్పింది. రెండో ఇంటిని అడిగింది. ఆ పాటలో అక్కడ కుడికాలు ముందుకేసి అడుగు మారుస్తారు. ఎనిమిది మందీ ఒకేసారి మార్చారు. కొబ్బరితాళ్ళు తెగాయి. సిల్వర్ ఓకూ, సంచులూ, అత్తగారి రగ్గుతో సహా సగం స్టూడియో నా మీద పడింది. రెండు టీ జాలీలు రెండు దిక్కులకి దొర్లిపోయాయి.

ఇక్కడే వాళ్ళకి దండం పెట్టాలి. వరస తెగలేదు. పాట ఆగలేదు. కూలిన గోడ తొక్కుకుంటూ, తల మీద పడ్డ దుప్పటి తలతోనే విదిలించుకుంటూ, అడుగు తప్పకుండా ఎనిమిది మందీ వసారా దాటి వాకిట్లోకి వెళ్ళిపోయారు. నేను రగ్గుల కింద నుంచి నాకు చేతనైంది చేశాను. "ఆపండమ్మా, ఆపండి, లెవెల్స్ పోయాయి" అని గట్టిగా అరిచాను. ఎవరూ ఆపలేదు. వాళ్ళు ఎండలో చివరి ఇంటిదాకా అందర్నీ పలకరించి, పాట ముగించి, అప్పుడు వచ్చి నన్ను బయటికి లాగారు.

నా లాప్‌టాప్‌లో రికార్డయింది మొదటి ఇల్లూ, ఆ తర్వాత దబ్బుమని ఒక పెద్ద చప్పుడూ, అంతే. ఇంకోసారి పాడమని ఎలా అడగను? అక్క గొంతు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది, నీళ్ళు అడిగింది. ఆమెకి మర్నాడే ప్రయాణం. ఆ పాట ఇంక వినపడదేమో, నా గొప్ప కోసం పోగొట్టానేమో అని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, దుమ్ము వల్ల కాదు.

అప్పుడు సుజాత నాతో మాట్లాడింది. మూడు రోజుల్లో మొదటి మాట. "మొత్తం నా ఫోన్‌లో ఉంది" అంది. వసారాలో నిలబడి, తర్వాత వాళ్ళ పక్కనే నడుస్తూ, మొదట్నుంచీ చివరిదాకా పట్టింది. విన్నాం. అంత బాగా రికార్డయిందాన్ని నా జీవితంలో వినలేదు. అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు, ఒక్కో బదులూ విడివిడిగా వినపడుతున్నాయి. దొయిమతి అక్క కళ్ళు మూసుకుని అంతా విని, "సాలు మాస్టారూ" అంది.

ఒక్కటే లోపం. మూడో ఇంటిని పలకరించే ముందు, స్పష్టంగా, నా కేక. తీసేద్దామని కూర్చున్నాను. సరిగ్గా అక్క మూడో ప్రశ్న ఎత్తుకునే చోటే అది అతుక్కుని ఉంది. దాన్ని కోస్తే ఆమె ఎత్తుకోవడం కూడా తెగిపోతుంది. పిల్లలు నేర్చుకోవాల్సిందే అది. అలాగే ఉంచేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు ఇంకా బొంగురుగా ఉంది, కొన్నాళ్ళు పాడొద్దన్నారు. అందుకని మొన్న శనివారం వంటషెడ్డు దగ్గర గుంటలు ఎనిమిది మంది సుజాత ఫోన్ రికార్డింగు విని నేర్చుకున్నది పాడారు. అక్క మఫ్లరు చుట్టుకుని గట్టు మీద కూర్చుని చూసింది. ఒక గుంట భలే ఎత్తుకుంది. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, బదులు, అడుగు, అన్నీ కుదిరాయి. మూడో ఇంటి దగ్గర వరస ఆగింది. చివర్లో ఉన్న పిల్ల చున్నీ నెత్తిన కప్పుకుని, "ఆపండమ్మా, ఆపండి, లెవెల్స్ పోయాయి" అని ఒక్క కేక పెట్టింది. వరస మళ్ళీ కదిలింది.

దొయిమతి అక్క చెయ్యెత్తి ఆపింది. హమ్మయ్య, అది పాటలోది కాదని చెప్తుంది అనుకున్నాను.

"అలాగ కాదే గుంటా," అంది ఆ బొంగురు గొంతుతోనే. "మాస్టారు అంత దైర్నంగా అరవనేదు. ఏడుపు గొంతుతో అరవాల."

ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పినా రాలేదు. చివరికి నేనే వెళ్ళి, చున్నీ నెత్తిన కప్పుకుని, అరిచి చూపించాను.