నలభై నిమిషాల్లో కడప

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్దికాలంలో మా ఆఫీసు ఒక గుడారం. మధ్యాహ్నపు వేడిగాలికి దాని గుడ్డగోడలు ఊపిరి పీల్చి వదులుతుంటే, బల్లమీది పటం నీళ్లలో తేలుతున్నట్టుండేది. ఒకరోజు కర్నూలు నుంచి కడపకు పటం మీద దారం లాగి చూశాను. సూటిగా ఇంచుమించు నూరు మైళ్లు. విమానం గంటకు నూటయాభై మైళ్లు పోతుందని పక్కబల్ల ఆయన అన్నాడు. అంటే నలభై నిమిషాలు! (బస్సుకైతే ఒక పూట.) ఆనాటి నుంచి రోజూ, మబ్బుల నీడలు జొన్నచేల మీద పాకడం చూస్తూ, కుందేరు మీదుగా కడపకు ఎగిరేవాణ్ణి. కర్నూలులో విమానం దిగే చోటే లేదన్నది నా కలకు అడ్డం రాలేదు.

కలతో ఆగితే బాగుండేది. కడపలో మా మేనమామ తన కూతుర్ని నాకివ్వడానికి వెనకాడుతున్నాడు. "గుడారంలో గుమాస్తాకు పిల్లనెట్లిస్తారప్పా?" అన్నాడట. ఒకసారి వచ్చి మాట్లాడమని జాబు రాశాడు. "ఆదివారం తొమ్మిదికి విమానమెక్కి తొమ్మిదీ నలభైకి కడపలో దిగుతాను" అని జవాబు రాసేశాను.

నిజానికి తెల్లవారకముందే బస్సెక్కి, పదిన్నరకు వాళ్ల గడప తొక్కాను. మామ లేడు! నన్ను తీసుకురావడానికి విమానాల మైదానానికి పోయాడట. అల్లుడు బయల్దేరే వేళకే తానూ బయల్దేరితే చాలుననుకుని, సరిగ్గా తొమ్మిదికి జట్కా ఎక్కాడట. (ఊరి పక్కనున్న ఐదు మైళ్లకు లెక్కలెవరు వేస్తారు?) పన్నెండుకు చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"ఏమప్పా, యాడ దిగినావు?"

"ఆడనే మామా. మీరు కనపడకపోతే ఎవరిదో కారులో వచ్చేసినా."

మామ జట్కా సాయిబు మీద విరుచుకుపడ్డాడు. "నా అల్లుడు నూరు మైళ్లు నలభై నిమిషాల్లో వచ్చినాడు, నువ్వు ఐదు మైళ్లకు గంట తింటివి! అది గుర్రమా, దున్నపోతా?"

సాయిబు నా చెవుల్లోని ఎర్రదుమ్మును చూశాడు. "ఇమానంలో గూడా దుమ్ము శానానే ఉంటాది" అని మెల్లగా అని, గుర్రాన్ని తిప్పుకున్నాడు.

సంబంధం కుదిరింది. మామ మళ్లీ ఆ జట్కా ఎక్కలేదు. ఆయన ఊరంతా చెప్పి నవ్వడంతో సాయిబుకు 'నలభై నిమిషాల సాయిబు' అన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ అలా పిలిచేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను: తప్పు గుర్రానిది కాదు, నాది.

మామ పోయాక, మొన్న ఎండాకాలంలో సాయిబు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి అంతా చెప్పుకున్నాను. ఆయన పకపకా నవ్వాడు.

"నాకు తెల్దా అప్పా? ఆ పొద్దే మైదానం కావలోన్ని అడిగినా. కర్నూలు నుంచి ఇమానమే రాదన్యాడు. మీ మామ బండిలో కునుకు తీస్తాండె."

"మరి చెప్పలేదేం?"

"నీ ఇంటామె చిన్నప్పుడు నా బండిలోనే బడికి పోయింది. ఆ పొద్దు మీ మామ బండెక్కేటప్పుడు వాకిట్లో నీకోసం ఎదురుసూస్తా నిలబడిండె. ఆ మొగం సూసినాక ఎట్ల సెప్పేది?"

ఆయనే మళ్లీ అడిగాడు. "ఇప్పుడన్నా ఎక్కినావా? పైనుంచి మన పెన్నేరు ఎట్లుంటాది?"

చూసినవాడిలా చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పాత గుమాస్తా నాలో ఇంకా ఉన్నాడు. బలవంతాన వాణ్ణి కూర్చోబెట్టి, "తెలీదు సాయిబూ, ఇంతవరకూ ఎక్కలేదు" అన్నాను.

"తెల్దా? అయితే నేను సెప్తా ఇను" అని ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ పేరు మోసిన ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఎగిరాడో, ఇసుకా నీళ్లూ మలుపులతో సహా చెప్పుకుపోయాడు. గుడారంలో కూర్చుని నేను ఎగిరిన ఎగురుడు దాని ముందు దేనికీ పనికిరాదు.