అరవైరెండు దెబ్బల రికార్డు

పోయినవన్నీ లెక్క వేస్తే ఇవి: రికార్డు ప్లేయర్లు రెండు, ఆంప్లిఫైరు ఒకటి, లౌడు స్పీకర్లు రెండు, రికార్డులు నూటపన్నెండు, మనిషి ఒకడు. క్యాసెట్లు వచ్చాక సామాన్లు ఒక్కొక్కటే పోయాయి. మనిషి మాత్రం ఒక్క సాయంత్రంలో పోయాడు.

ఎనభైల మొదట్లో పామిడిలో మేమిద్దరం మైకుసెట్టు నడిపేవాళ్ళం. ఆయన నాకన్నా రెండేళ్ళు పెద్ద, అందుకని నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను అప్పా అనేవాడు. మిగతా సెట్లవాళ్ళు ఒక రికార్డు అయిపోయాక తీసి ఇంకోటి పెట్టేవాళ్ళు. అంతసేపూ పాటకు ఆడేవాళ్ళు చేతులు వేలాడేసుకుని నిలబడేవాళ్ళు. నాకు ఆ ఖాళీ నచ్చేది కాదు. చేతి గడియారం ముందు పెట్టుకుని, ప్రతి రికార్డుకూ అర నిమిషంలో ఎన్ని డోలు దెబ్బలు పడతాయో లెక్కపెట్టి అట్ట మీద పెన్సిలుతో రాశాను. ఎవరూ నేర్పలేదు. రెండు పాటల లెక్క ఒకటైతే ఒకదానిలోంచి ఇంకోదానిలోకి ఆగకుండా పోవచ్చు. ఆయన రెండో ప్లేయరు మీది రికార్డును వేలితో ఆపి పట్టుకునేవాడు. నేను ఎనిమిది దాకా పైకి లెక్కపెట్టేవాణ్ణి. ఎనిమిదికి ఆయన వేలు లేచేది. నేను ఒక వాల్యూము తగ్గించి ఇంకోటి పెంచేవాణ్ణి.

ఒకసారి బెంగుళూరులో పాత సామాన్ల అంగట్లో ఒక రికార్డు దొరికింది. మాటల్లేవు. మొదటి నుంచి చివరి దాకా మిషను డోలు, ఉరుకే ఉరుకు.

"ఏమప్పా, ఇది పాటనా, రైలింజనా?" అన్నాడాయన. మూడోసారి విన్నాక కాలు ఆడించాడు. "మా చెల్లెలి పెండ్లిలో దీన్నే ఏద్దాం. మా ఊరోళ్ళు నేను తీగలు చుట్టేవాణ్ణనుకుంటాండారు. సూడనీ."

ఆయనది శింగనమల దగ్గర పల్లె. పాట ఆగదు చూడండని వారం ముందే అందరికీ చెప్పుకున్నాడు. కొత్త రికార్డు లెక్క అరవైరెండు. దాని ముందు వేసే పాట కూడా అరవైరెండు. పామిడిలో మా అంగట్లో నాలుగుసార్లు కలిపి చూశాం. నాలుగుసార్లూ అతుకు తెలియలేదు.

కరెంటు మీద నమ్మకం లేక ప్లేయర్లు బ్యాటరీ సెల్లులతో నడిపేవాళ్ళం. పెండ్లి నాడు పొద్దున్నుంచీ మొదటి ప్లేయరు ఒక్కటే తిరుగుతూ ఉంది. రెండోదాన్ని ఈ రికార్డు కోసం ఆపి ఉంచాం. సాయంత్రం ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

"పాట నిదానంగా సాగతాండాదప్పా. సెల్లులు మారుద్దాం."

"మొన్ననే ఏసినాం కదన్నా. లెక్క ప్రకారం రేపటి దాకా వస్తాయి."

ఆడేవాళ్ళు మంచి ఊపు మీద ఉన్నారు. నేను ఎనిమిది అన్నాను. వేలు లేచింది. మొదటి రెండు దెబ్బలూ కలిసి పడ్డాయి. మూడోది ఎడమైంది. ఆ తర్వాత రెండు గుర్రాలు ఒకే దారిలో తొక్కుకున్నట్టయింది. ఆట ఆగిపోయింది.

"ఏమన్నా, నీ మిషను కుంటతాండాది! పాట ఆగదంటివే?" అని ఒకడు అరిచాడు.

"ఆగలేదు లేప్పా, బొక్కబోర్లా పడింది!" అని ఇంకొకడు. పందిరంతా నవ్వింది.

పక్కనున్న పెద్దమనిషితో నేను, "నా లెక్క తప్పలేదు. వీని చెయ్యి వణికింది. యాడనో తాగొచ్చినాడు," అన్నాను. మెల్లగానే అన్నాను. కానీ చదివింపులు చదివిన మైకు నా ముందరే ఉంది, దాన్ని ఆపలేదు. మాట రెండు స్పీకర్లలోంచి పల్లె మొత్తానికీ వినబడింది. తాగాడన్నదానికన్నా ముందు, 'వీని' అన్నది నా చెవికే తగిలింది. ఆ రోజు ఆయన మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

ఆయన లేచి స్పీకర్లు దించాడు. తీగలు చుట్టి నా చేతికిచ్చి, "పోయిరా సామీ" అన్నాడు. అప్పా అనలేదు.

పది రోజులు ఎదురుచూశాను. తర్వాత ఆ పాత సెల్లులతోనే అంగట్లో మొదటి పాట పెట్టి లెక్కపెట్టాను. యాభైతొమ్మిది. కొత్త సెల్లులు వేశాను. అరవైరెండు. నేను రాసుకున్న లెక్కలన్నీ కొత్త సెల్లులవి. ఆయన వేలు సరిగ్గా ఎనిమిదికే లేచింది.

ఆ మాట చెప్పడానికి పల్లెకు పోయాను. వాళ్ళమ్మ గడప దాటి రాలేదు.

"బెంగుళూరికి పోయినాడు. యాడుండాడో చెప్పలేదు. ఆ పొద్దు మైకులో చెప్తివే, ఇప్పుడు నా చెవిలో చెప్తే ఏం లాభం నాయనా?"

ఆ తర్వాత ఆరేళ్ళు సెట్టు ఒక్కణ్ణే నడిపాను. ఒక మనిషితో అయ్యే పని కాదది. పాటకూ పాటకూ మధ్య పదకొండు సెకన్లు ఖాళీ వచ్చేది. ఆ పదకొండు సెకన్లూ పక్క కుర్చీ వైపు చూడకుండా లెక్కపెట్టుకునేవాణ్ణి.

రికార్డులు పోయినా ఆ మొదటి పాట అట్ట నా దగ్గరుంది. అరవైరెండు కింద యాభైతొమ్మిది రాసి తీసివేశాను. ఆయన చేతి మీద నేను మోపిన దెబ్బలు, ఊరంతా వినేటట్టు నేను వెనక్కి తీసుకోవలసినవి, ఈనాటికీ మూడు.