గుట్టెక్కిన షామియానా

వికారాబాద్ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలు ఆగే చోట ఒక రేకుల షెడ్డు ఉంది. దాని మొదటి స్తంభానికి పాలరాతి పలక ఉంది. బట్టల వ్యాపారి పాండురంగం గారి కృషి ఫలితమని ఆ పలక మీద చెక్కారు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ షెడ్డు వచ్చింది జట్కా తోలే జహూర్ వల్ల. ఆయన పేరు చెక్కడానికి మాత్రం మా ఊళ్లో ఉలి దొరకలేదు.

పోలీస్ యాక్షన్ నాటికే జహూర్ స్టేషన్ బయట జట్కా కట్టేవాడు. రైలు దిగిన క్షయ రోగులను అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రికి చేర్చడం ఆయన పని. దగ్గేవాళ్లను ఎక్కించుకోవడానికి మిగతా జట్కావాళ్లు జంకేవారు. జహూర్‌ను అడిగితే, "నా గుర్రానికి లేని భయం నాకెందుకు" అనేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. గుర్రాన్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు, తిట్లన్నీ మనుషులకే.

ఆయన చెల్లెలు షాహజాదిని తాండూరులో ఇచ్చారు. ఆమెకూ అదే జబ్బు వచ్చింది. యాభై మూడో సంవత్సరం వానాకాలంలో తల్లిని తోడు తీసుకుని రైలెక్కి వచ్చింది. రైలు వచ్చేసరికి జహూర్ ఇంకో రోగిని దింపడానికి గుట్ట మీద ఉన్నాడు. వాన దంచి కొడుతోంది. మూడో తరగతి పెట్టెలు ఆగే ఆ చివరన నెత్తి దాచుకోవడానికి ఆకు కూడా లేదు. తల్లీబిడ్డలు పడుతూ లేస్తూ స్టేషన్ గది వసారా దాకా పోతే, అక్కడున్న తెల్లబట్టల పెద్దమనుషులు దగ్గు విని పక్కకు పొమ్మన్నారు. జహూర్ దిగివచ్చేసరికి ఆమె మట్టిలో కూర్చుని ఉంది, తల్లి కొంగు నెత్తిన కప్పుకుని. వారం తిరక్కముందే పోయింది.

రోగం అప్పటికే ముదిరిందని, వానను అనుకోవద్దని డాక్టర్లు చెప్పారు. జహూర్ వాళ్లతో వాదించలేదు.

"రోగం సంపింది, నాకెర్కే," అన్నాడు నాతో. "రోగానికి నేనేం జేస్త? గని మనిషి తడవకుంట జెయ్యొచ్చు గద. నాలుగు రేకులు. గంతే గద."

ఆ రోజు నుంచి ఆయన జట్కా ఎక్కిన ప్రతివాడికీ ఆ నాలుగు రేకుల గొడవే. తాసీల్దారు ఎక్కినా, పెళ్లికొడుకు ఎక్కినా వదల్లేదు. ఆ పోరు పడలేకనే మా ఊరి పెద్దలు ప్రయాణికుల సంఘం పెట్టి పాండురంగాన్ని పెద్దగా కూర్చోబెట్టారు. అర్జీ పోయింది. రెండేళ్లకు జవాబు వచ్చింది. ఈ లైనులో ఈ ఏడు ఒక్క స్టేషన్‌కే షెడ్డు డబ్బు ఉందట. పెద్ద ఆఫీసరు అన్నీ చూసి, అవసరం ఎక్కడుంటే అక్కడికి రాస్తాడట.

ఇక్కడే మా ఊరి తెలివి చూడాలి. అవసరం చూడడానికి మనిషి వస్తుంటే, మాకు అవసరం కనబడకూడదన్న పిచ్చి పట్టుకుంది. వచ్చేది మెహమాన్, ఊరి ఇజ్జత్ పోవద్దు. ఇంట్లో గింజ లేకపోయినా వచ్చినవాడికి పీట వేసే జాతి కదా. షెడ్డు కావాలన్న చోటనే పాండురంగం తన గోదాములోని పెళ్లి షామియానా వేయించాడు. కింద జంపఖానా, వరసగా కుర్చీలు, వట్టివేళ్లు వేసిన నీళ్ల కుండలు, గంపెడు సీతాఫలాలు. ఆ సామానంతా మోసింది జహూర్ జట్కానే. మర్యాదలు కాగానే షెడ్డు సంగతి మాట్లాడతారని నమ్మాడు పాపం. రైలు దిగిన రోగులను పోలీసు జవాను గూడ్సు షెడ్డు వెనక్కి తోలాడు.

ఆఫీసరు చల్లగా కూర్చుని సీతాఫలం తిన్నాడు. "ఇక్కడ ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగాడు. పాండురంగం చేతులు కట్టుకుని, "తమ దయ వల్ల అంతా మంచిగనే ఉన్నది సాబ్," అన్నాడు. పెద్దవాడి ముందు ఏడవడం మర్యాద కాదని ఆయన ఉద్దేశం. ఆఫీసరు సంతోషించి, వికారాబాద్‌లో సౌకర్యాలు తృప్తికరమని రాసుకుపోయాడు. డబ్బు ఇంకో స్టేషన్‌కు పోయింది.

ఆ కబురు తెలిసిన రోజు జహూర్ బజారులో పాండురంగం దుకాణం ముందు జట్కా అడ్డంగా ఆపాడు.

"అంతా మంచిగున్నదా సేటూ? ఎవలికి మంచిగున్నది?"

"మెహమాన్ ముంగట గట్ల మొత్తుకుంటరా జహూర్? మళ్లొస్తడు తియ్యి, ఫికర్ జెయ్యకు."

"మళ్ల ఎప్పుడు? నేను గుట్టకు మోసేటోళ్లు మళ్లొచ్చేదాంక బతుకుతరా?"

ఆ మాటకు సేటు గజం కర్ర తీసుకుని బట్ట కొలవడం మొదలుపెట్టాడు.

ఆఫీసరు మళ్లీ రావడానికి మూడేళ్లు పట్టింది. ఈసారి వానాకాలం. మా పెద్దలకు బుద్ధి వచ్చిందనుకుంటే మన పొరపాటు. పోయినసారి ఆఫీసరు మెచ్చుకున్నాడు కాబట్టి, ఈసారి ఇంకా ఘనంగా చేస్తే షెడ్డు ఇస్తాడని లెక్క వేశారు. వాసాలు ముందురోజే పాతారు. తెల్లారి గోదాము నుంచి షామియానా గుడ్డ, జంపఖానా, మడత కుర్చీలు జహూర్ బండిలోకి ఎక్కించారు. జహూర్ తిట్టలేదంటే అప్పుడే మాకు అనుమానం రావలసింది.

బండి స్టేషన్ దారి పట్టలేదు. గుట్ట దారి పట్టింది.

రైలు వచ్చింది. ఆఫీసరు షెడ్డు చోటు చూడడానికి చివరిదాకా నడిచి వచ్చాడు. అక్కడ ఉత్త వాసాలు నిలబడి ఉన్నాయి, పైన ఆకాశం. వాన అందుకుంది. పాండురంగం పూలదండ పట్టుకుని తడుస్తున్నాడు, సంఘం పెద్దలు తడుస్తున్నారు, ఆఫీసరు తడుస్తున్నాడు. రోగులను తోలే జవాను తన తల దాచుకోవడానికి పరుగెత్తాడు. అందుకని వాళ్లంతా అక్కడే, గోనెసంచులు నెత్తిన వేసుకుని బురదలో కూర్చుని కనబడ్డారు. ఒక ముసలామె దగ్గలేక వాసం పట్టుకుంది.

"ఇవేం కర్రలు?" అన్నాడు ఆఫీసరు.

ఖాళీ జట్కాతో దిగివచ్చిన జహూర్ ముందుకొచ్చాడు. "నీ కోసం ఎయ్యాల్సిన షామియానావి సాబ్. గుడ్డ గుట్ట మీద ఆస్పత్రి గేటు కాడ దించొచ్చిన. ఆడ రోగమోళ్ల మనుషులు వానల ఉంటరు. పోయినసారి నువ్వు సూసింది ఝూట్. ఇయ్యాల సూడు."

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. ముసలామె వైపు చాలాసేపు చూశాడు. స్టేషన్ గది దాకా తడుస్తూనే నడిచి వెళ్లాడు. ఆ ఏడే షెడ్డు మంజూరైంది.

మరి మా ఊరు జహూర్‌కు ఏమిచ్చింది? సామాను దొంగిలించాడని పాండురంగం ఫిర్యాదు ఇస్తే రెండు రాత్రులు ఠాణాలో ఉంచారు. స్టేషన్ ముందు జట్కా నిలపకుండా లైసెన్సు బిళ్ల గుంజుకున్నారు. షెడ్డు ప్రారంభానికి పిలవలేదు. పిలవలేదని అడిగినవాడు కూడా మాలో ఒక్కడు లేడు. సిగ్గు మాలిన ఊరు. జహూర్ గుర్రాన్ని అమ్ముకుని తాండూరు పోయి, నాపరాళ్ల గనుల నుంచి స్టేషన్‌కు బండలు తోలే ఎడ్లబండి మీద కూలికి కుదిరాడు. మా షెడ్డులో పరిచిన బండలు అక్కడివే.

అరవై నాలుగులో అనుకుంటా, నేను హైదరాబాద్ రైలు కోసం ఆ షెడ్డులో ఉన్నాను. ముసురు పట్టింది. లోపల కిక్కిరిసి ఉంది. ఎవరో గొంతెత్తి తిడుతుంటే గుర్తుపట్టాను. జహూర్, గడ్డం నెరిసింది. షెడ్డు అంచుకు అవతల వానలో నిలబడి, బల్ల మీద ట్రంకుపెట్టె పెట్టుకున్న ఆసామిని పట్టుకున్నాడు. ఆ బల్ల పక్కనే ఒకామె దగ్గుతూ నిలబడి ఉంది.

"ఓ పటేలా, నీ పెట్టె దగ్గుతున్నదా? కింద పెట్టు. ఆ తల్లిని కూసోనియ్."

పెట్టె దిగింది. ఆమె కూర్చుంది. నేను జరిగి జాగా చేసి, లోపలికి రమ్మన్నాను. జహూర్ తల అడ్డంగా ఊపాడు.

"షాహజాది తడిసింది గీ జాగలనే," అన్నాడు. "నేను పొడిగ ఎట్ల కూసుంట?"

తాండూరు రైలు వచ్చేదాకా ఆయన వానలోనే నిలబడ్డాడు.