అత్తయ్య ఎంచిన కాగితం

మా మామయ్యతో వాదించి గెలిచినవాళ్లు లేరు, మా అత్తయ్య తప్ప. ఆయన నలుపు తెలుపు ఫొటోలు తీస్తాడు, ఆవిడ వెనకగదిలో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద అచ్చు వేస్తుంది. ప్రింటర్ కొన్ననాటి నుంచీ వాళ్లకు ఒకటే గొడవ, కాగితం. నలుపు అంటే బావిలోకి తొంగిచూసినట్టుండాలని ఆయనకు మెరుపు కాగితమే కావాలి. అత్తయ్యకేమో మెరుపు లేని నూలు కాగితం ఇష్టం. "బూడిద పూసినట్టుంటుందే అది!" అని ఆయన కొట్టిపారేసేవాడు.

ఈమధ్య ఆయన చూపు మందగించింది. మెరుపు కాగితం మీద వెలుగు పడితే తెల్లటి మరక తప్ప ఇంకేమీ కనపడదు. ఎదురుగా ఉన్న మనుషుల ముఖాలూ మసకే. చూపు తగ్గకముందు చివరగా తీసింది అత్తయ్య ఫొటో. దాన్నైనా కళ్లారా చూసుకోవాలని ఆయన ఆశ. పైకి అంటాడా, మహా బింకం మనిషి! నాతో మాత్రం ఒకరోజు, "మీ అత్త ముఖం మర్చిపోతానేమోనే," అన్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. వెంటనే అత్తయ్యకు చెప్పేశాను. ఆవిడ కళ్లొత్తుకుని నూలు కాగితాలన్నీ ముందేసుకుంది. ఒక్కొక్కటే కిటికీ దగ్గర పట్టి చూసి, బాగా తెల్లగా, నున్నగా ఉన్నదాన్ని ఎంచింది. గరుకు ఎక్కువైతే ముఖంలో సన్నని గీతలు చెదిరిపోతాయట.

అచ్చయిన బొమ్మను మామయ్య ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకున్నాడు.

"అంతా పొగమంచులా ఉందే. నా కళ్లు పూర్తిగా పోయాయి."

నేను తొంగిచూశాను. నాకూ పొగమంచే! అత్తయ్య నెత్తి కొట్టుకుంది.

"నా మతిమరుపు మండా! కంగారులో కాగితం తిరగేసి పెట్టానండీ. సిరాను పైన నిలిపే పూత లేని వైపు పడింది బొమ్మ. సిరా అంతా లోపలికి పీల్చేసుకుంది."

"ఊరుకో. నన్ను ఊరడించడానికి కథలు చెప్పకు."

"నాకూ అలాగే కనపడుతోంది మామయ్యా!"

"ఇద్దరూ ఒకటయ్యారా?" అని బొమ్మ పక్కన పెట్టేశాడు. ఇక ఏ ఫొటో చూపించొద్దన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మొండితనమా! అత్తయ్య మాత్రం కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "వేలు తడి చేసుకుని మీరే చూడండి. పూత ఉన్న వైపు అతుక్కుంటుంది కదా."

ఆయన బొమ్మ వైపు మూలన తడి వేలు ఆనించాడు. అతుక్కోలేదు. కాగితం తిప్పి, ఖాళీ వైపు ఆనించాడు. అతుక్కుంది. నమ్మకం కుదరక మళ్లీ రెండు వైపులా నొక్కి చూశాడు.

"ఒసేయ్! ఇన్నేళ్లొచ్చాయి, కాగితానికి ముందేదో వెనకేదో తెలీదటే నీకు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ తిట్లకు అత్తయ్య ఏడుస్తూనే నవ్వేసింది.

రెండోసారి సరైన వైపు అచ్చు వేసింది. మామయ్య కిటికీ దగ్గర నిలబడి, నుదుటి నుంచి చుబుకం దాకా కళ్లు మెల్లగా దించుకుంటూ వచ్చాడు.

"కనపడుతోందా?" అంది అత్తయ్య.

"ముక్కు పక్కన చిన్న మచ్చుంది."

"అదెప్పుడూ ఉన్నదేగా."

"ఉన్నదేలే. నిన్ను చూసి ఎన్నాళ్లయిందే," అన్నాడు మామయ్య, పక్కనే నిలబడి ఉన్న అత్తయ్యతో.